చెంగయ్య జీపెక్కిన వాచ్‌మన్

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డులో మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. పొద్దు గూకినాక దాని ముందర పోవడానికి ఎవరూ ఇష్టపడరు. అక్కడ వాచ్‌మన్‌గా ఉండిన చిన్నపోలయ్యకు ఒక రాత్రి పాము కరిచింది. ఆసుపత్రికి పోదామని రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తి నిలబడినాడు. వచ్చిన ప్రతి బండీ పక్కకు తప్పుకుని పోయింది... తెల్లారేసరికి మనిషి లేడు.

అప్పటినుంచి వాడు ఎవరినీ అడగడం లేదు. తానే ఎక్కుతున్నాడు — అని చెప్పుకుంటారు. అందుకని అక్కడికి రాగానే బండి నెమ్మది చేసి, కిటికీలోంచి ఒక బీడీ విసిరి పోవడం ఆచారమైంది. బతికుండగా బ్రేకు వేయనివాళ్లు చచ్చినాక వేస్తున్నారు. మన దయ ఎప్పుడూ ఇంతే ఆలస్యం.

ఈ సంగతి నాకు చెప్పింది మా వీధిలో ఉండే సామ్రాజ్యమ్మ. జరిగింది ఆమె అల్లుడు చెంగయ్యకే. ఫ్యాక్టరీ అవతలి పల్లెలో రొయ్యల గుంటలు చేస్తాడు.

చెంగయ్యకు ఒక పాత జీపుంది. నాలుగు చక్రాలూ లాగే రకం. ఎంత బురదైనా ఆగేది కాదు. ఉన్నది చాలుననుకునే గుణం ఉంటే ఈ కథే లేదు. ఎవరి బండో ఎత్తుగా కనబడింది. తనదీ అంత ఎత్తుండాలనుకున్నాడు. తన పల్లెలోనే షెడ్డున్న సుశీల్ కుమార్ అనే మెకానిక్ చేత, ఇరుసు మీద బండి బరువు మోసే కమాన్ పట్టీలు మార్పించి, బాడీని బెత్తెడు పైకి లేపించినాడు. ఇంటికొచ్చిన జీపును చూసి, నెలలు నిండుతున్న భార్య కామాక్షి ఒకటే అడిగింది.

“ఇప్పుడు నేనెట్లా ఎక్కేది బావా?”

చిన్న స్టూలు కొనిచ్చినాడు.

ఆ సాయంత్రం నెల్లూరు పోతా, చీకటిపడే వేళకు ఐసు ఫ్యాక్టరీ చేరినాడు. బీడీలు విసిరే రకం కాదు. అక్కడిదాకా గతుకులు, అక్కడినుంచి కొత్త తారు. కాలు గట్టిగా నొక్కినాడు —

కింద ఏదో మూలిగింది. సన్నగా మొదలై, గుర్రుమని పెరిగి, సీటు వణికింది. వెనక ఎవరో కూర్చుని కాళ్లు ఆడిస్తున్నట్టు... అద్దంలో చూసే ధైర్యం చాలలేదు. నెమ్మది చేసి, జేబులోని సిగరెట్టు పెట్టె అట్లే విసిరేసినాడు.

వణుకు ఆగిపోయింది.

మళ్లీ వేగం పెంచడానికి భయపడి నెల్లూరుదాకా మెల్లగానే పోయి, మెల్లగానే తిరిగొచ్చినాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

సుశీల్ కుమార్ చక్రాలు విప్పి చూసి, మళ్లీ బిగించి, “నా పనిలో తప్పు లేదన్నా. ఇది మన చేతిలోది కాదు” అని ముందర నిమ్మకాయ కట్టినాడు. తప్పును దెయ్యం మీద పెట్టడం ఎంత సుఖం! అది వచ్చి కాదనదు.

కాన్పుకు సాయం వచ్చిన సామ్రాజ్యమ్మ కూతుర్ని హెచ్చరించింది. “చీకటిపడినాక ఆ దారిన పోగూడదు. నొప్పులు పగలే రావాలని మొక్కుకో.”

నొప్పులు పొద్దు గూకినాకే వచ్చినాయి. చెప్పిన తేదీ కంటే ముందు, వానలో.

బిడ్డ ఎదురుకాళ్లతో ఉందనీ, నొప్పులు మొదలైతే ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. అంబులెన్సు వచ్చేదాకా ఆగేటట్టు లేదు. ఇంకో దారిలో వాగు పొంగింది. చెంగయ్య బీడీకట్ట ఒళ్లో పెట్టుకుని జీపు తీసినాడు.

ఫ్యాక్టరీ వచ్చింది. నెమ్మది చేసి బీడీ వేసినాడు. వేగం పెంచినాడు.

మూలుగు... వణుకు...

“ఎక్కినాడు,” అని గొణిగింది సామ్రాజ్యమ్మ.

నెమ్మది. ఇంకో బీడీ. ఆగింది. మళ్లీ వేగం — మళ్లీ వణుకు. ఫ్యాక్టరీ ఎప్పుడో వెనకబడింది. వాడు మాత్రం దిగడం లేదు. బీడీ బీడీకీ బండి ఆగినంత పనవుతా ఉంది. కామాక్షి పళ్లు బిగించి కమ్మీని పట్టుకుంది.

“బావా... బీడీ వేయకుండా నెమ్మది చెయ్యి.”

“ఊరుకో. వాడు వింటాడు.”

“విననీ. ముందు నువ్విను.”

చేసినాడు. బీడీకట్ట ఒళ్లోనే ఉంది. బండి వణకలేదు.

“చూసినావా... వాడికి బీడీతో పనిలేదు. ఇప్పుడు కొంచెం పెంచు... ఇంకొంచెం... చాలు. వణుకు రాకముందర అక్కడే పట్టుకుని పో. మళ్లీ ఆపితే నేనే దెయ్యమై నీ మెడ పట్టుకుంటా.”

“ఛీ, ఏం మాటలే అవి!” అంది తల్లి.

యాభై దగ్గర ముల్లు నిలిపి, ఎక్కడా ఆగకుండా నెల్లూరు చేరినారు. ఆపరేషన్ చేసి ఆడబిడ్డను తీసినారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదన్నది డాక్టరమ్మ.

బిడ్డను చూసినాక చెంగయ్యకు కోపం వచ్చింది. నేరుగా మెకానిక్ షెడ్డుకు పోయినాడు. “వేగం పెంచితే వచ్చి, తగ్గిస్తే పోయే దెయ్యం ఏందిరా?”

సుశీల్ కుమార్ బండి కిందికి దూరినాడు. ఈసారి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినాక ముఖం వాడిపోయి ఉంది.

“షాఫ్టన్నా...”

గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు తిరుగుడునిచ్చే ఇనుప గొట్టం అది. రెండు చివర్లా కీళ్లుంటాయి. రెండూ సమానంగా వంగి ఉంటే తిన్నగా తిరుగుతుంది. బాడీని లేపినప్పుడు, గొట్టం వచ్చి తగులుకునే ఇరుసు మూతి కిందికి తిరిగి, ఒక కీలు ఎక్కువా ఒకటి తక్కువా వంగినాయి. నెమ్మదిగా పోతే తెలీదు. యాభై దాటితే బండంతా వణుకుతుంది. ఐసు ఫ్యాక్టరీ చేసిన పాపమల్లా కొత్త తారు మొదలయ్యేచోట ఉండడమే.

“ఎత్తు దించేస్తే మునుపటి మాదిరే పోతుందన్నా. ఎత్తు ఉండాలంటే కమాన్లకీ ఇరుసుకీ నడమ ఏటవాలు ఇనుప ముక్కలు పెట్టి, మూతి సరిచెయ్యాల.”

“ఎత్తు ఉండాల,” అన్నాడు చెంగయ్య. బిడ్డ పుట్టింది గానీ బుద్ధి పుట్టలేదు.

ముక్కలు పడినాయి. వణుకు పోయింది. అరవై, డెబ్భై, ఎనభై — నీళ్ల మీద పడవ పోయినట్టు. బాలింతను ఇంటికి తెచ్చిన రోజు ఐసు ఫ్యాక్టరీ ముందర తొంభైలో పోయినాడు. సామ్రాజ్యమ్మ కళ్లు మూసుకుంది. కామాక్షి బిడ్డను గుండెకు అదుముకుంది. చూపు మాత్రం వేగం ముల్లు మీదే ఉంది.

మర్నాడు సుశీల్ కుమార్‌కు ఫోను వచ్చింది. అవతల గొంతు చాలా సన్నగా ఉంది... ఎవరో వింటారని భయపడుతున్నట్టు.

“తమ్ముడూ, నేను కామాక్షిని. బావ ఇంట్లో లేడు, అందుకే చేస్తున్నా.”

“చెప్పక్కా. వణుకు మళ్లీ వచ్చిందా?”

“రాలేదు. అదే... ఆ దెయ్యాన్ని మళ్లీ ఎక్కించగలవా?”