గ్లాసెడు ఐస్ నీళ్లు

"తాళం బతకాలి," అన్నాడు చీఫ్, ఫైలు ముందుకు తోస్తూ. "ఆపరేషన్ బల్ల మీంచి ప్రాణాలతో దిగితేనే ముఠా పేర్లు చెప్తాడట. చెప్పాక ఏమైపోయినా నాకనవసరం."

తాళం అంటే శత్రు ముఠాలోంచి పారిపోయి వచ్చిన కోడ్ మాస్టర్. పొట్టలో కేన్సర్ గడ్డ. రెండు రకాల కీమోకు, ఒంట్లోని రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే మందొకటి కలిపి నాలుగు విడతలు ఎక్కించి, గడ్డ కుదించుకుపోయాకే కత్తి పెడతామన్నారు డాక్టర్లు. రెండు విడతలకే గడ్డ సగమైంది. మూడో విడతకు మాత్రం మొండికేసింది. నాలుగోది ఈరోజే.

ఏజెంట్ పిల్లి స్ట్రెచర్లు తోసేవాడి వేషంలో వార్డులో దిగాడు. కాలర్‌లో మైకు, ముఖంలో ఎక్కడలేని వినయం. నర్సు వేషంలో కాపలా కాస్తున్నది డిపార్ట్‌మెంట్ అందగత్తె నీలం. మూడో విడత నుంచీ డ్యూటీ ఆమెదే.

తాళం మంచి హుషారుగా ఉన్నాడు. మొదటి రెండుసార్లూ చల్లటి గ్లాసు ముట్టుకుంటే వేళ్లకు షాక్ కొట్టిందట, గుక్క మింగితే గొంతులో సూదులు గుచ్చినట్టయిందట. ఈ అమ్మాయి చేతి చలవేమో, మూడోసారి ఆ సాయంత్రమే ఐస్ నీళ్లు గటగటా తాగాడట.

 చలి పడకపోవడం ఆ కీమో లక్షణమని పిల్లి ఫైల్లో చదివాడు. బాధ లేదంటే మందే లేదు.

నీలం సీసా తగిలించి, ట్యూబు క్లిప్పు మీద వేలు పెట్టింది. పిల్లి ఆ వేలు ఒడిసిపట్టాడు.

"ముందు నీకు ఎక్కిద్దాం."

కీమో మందు చుక్క మీద పడుతుందేమోనని నర్సులు రెండేసి గ్లౌజులు తొడుక్కునే వార్డు అది. అనుమానం పోగొడదామని నీలం నవ్వుతూ చెయ్యి చాపింది. సీసాలో ఉన్నది ఉత్త ఉప్పునీళ్లయితేనే అంత ధైర్యం వస్తుంది. పిల్లి ఆమె వేలు విరిచేశాడు.

"తూటాతో పోతే ముఠా మనిషెవరని మీరు వెతుకుతారు," అంది ఆమె, పళ్లు బిగబట్టి. "కేన్సర్‌తో పోతే ఏడ్చి ఊరుకుంటారు. నేను వాణ్ణి చంపలేదు. గడ్డని బతకనిచ్చానంతే."

మంచం మీద తాళం అంతా విన్నాడు. పసిపిల్లాడిలా దుప్పటి నెత్తిమీదికి లాక్కున్నాడు.

అసలు మందు ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. నీళ్లపాలైన మూడో విడత బదులు ఇంకోటి ఇచ్చి, ఆ తర్వాతే కోస్తామన్నారు డాక్టర్లు. సాయంత్రం పిల్లి స్వయంగా ఐస్ నీళ్లు తెచ్చి తాళం నోటికి అందించాడు. ఒక్క గుక్కకే తాళం గొంతు పట్టుకుని గిలగిల్లాడాడు. కాస్త తేరుకుని, పిల్లి ఏడు తరాలనూ తిట్టాడు.

పిల్లి కాలర్ దగ్గరికి మొహం వంచాడు.

"మందు పనిచేస్తోంది సార్. ఎందుకైనా మంచిదని ఇంకో గుక్క పట్టిస్తున్నా."