పెద్ద టైర్ల జీపు, క్వారీ మలుపు

క్వారీ మలుపుకి ఉన్న చెడ్డపేరు అంతా ఇంతా కాదు. చీకటిపడ్డాక అక్కడ బండి తిప్పితే చక్రాన్ని ఎవరో పట్టుకుంటారని చెప్పుకునేవాళ్లు. లారీవాళ్లు కూడా చుట్టుదారినే పోయేవాళ్లు.

ఇది మా వీధి మెకానిక్ చెప్పిన సంగతి. ఆయన మరదలు నర్సు. కొండమీది కాలనీకి వాగు దాటి వెళ్లాలని పాత జీపు కొనుక్కుంది. ఆయన దాన్ని జానెడు ఎత్తు లేపి, చూసినవాళ్లు నవ్వేంత పెద్ద టైర్లు బిగించాడు.

బిగించిన సాయంత్రమే కబురు — పైన ఒకామెకి నొప్పులు మొదలయ్యాయని.

"చుట్టుదారిన వెళ్లు అమ్మాయ్," అన్నాడు. "ఆ మలుపు..."

"చుట్టు తిరిగి వెళ్లేలోపు అక్కడ బిడ్డ పుట్టి నడక నేర్చుకుంటుంది బావా. అయినా ఆ దెయ్యం కూడా ఒకప్పుడు పసిబిడ్డగా ఎవరో నర్సు చేతుల్లో పడ్డదే కదా."

మలుపు వచ్చింది. స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పింది.

బర్ర్... బర్ర్...

కింద ఎవరో గోళ్లతో గీకుతున్నట్టు. స్టీరింగు సరిచేసింది — ఆగింది. మళ్లీ తిప్పింది... బర్ర్...

బండి ఆపి దిగింది. టార్చి వెలుగులో దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఎవరైనా సరే," అంది చీకట్లోకి, "నాకిప్పుడు తీరిక లేదు."

ఎక్కి, ఆ గీకుడు వింటూనే మలుపు దాటేసింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

తెల్లారాక ఆమె తిరిగొచ్చి ఆ గీకుడు సంగతి చెబితే, బావ జీపు కింద దూరాడు. ముందు మడ్‌గార్డుల అంచులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. పకపకా నవ్వాడు.

"ఇదిగో నీ దెయ్యం. టైరు పెద్దదైంది కదా, పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకి ఒరుసుకుంటోంది. అంచు కాస్త కోసేస్తే సరి."

ఆమె కూడా నవ్వింది. కోసే పనిముట్టు కోసం బండి వెనక్కి వెళ్లిన బావ మాత్రం తిరిగి రాలేదు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏంటి బావా?"

"ముందు చక్రాలంటే పక్కకి తిరుగుతాయి..." గొంతు తగ్గించాడు. "వెనకవి తిరగవు కదా అమ్మాయ్."

వెనక మడ్‌గార్డు లోపల నాలుగు గీతలు — పక్కపక్కనే, లోతుగా... టైరుకి అందనంత పైన.

ఆమె వంగి చూసింది. చెయ్యి చాపి తన వేళ్లు వాటిమీద ఆనించింది. సరిగ్గా సరిపోయాయి.

"ముందువి కోసెయ్ బావా," అంది. "సాయంత్రం బాలింతని చూడ్డానికి వెళ్లాలి. ఆ దారినే."