దిగే చోటు

"ఇది కూడా పోయింది," అన్నాడు కోటి.

కంప్యూటర్ తెర మీద మూడో విమానం నల్లటి పొగ కక్కుతూ మాయమైపోయింది. అందులోని పారాచూట్ దళం దిగనే లేదు. అంతకుముందు దిగిన రెండు దళాల్లో ఒకటి నది అవతల పడింది. ఇంకొకటి అడవిలో ఎక్కడో పడింది. పట్టుకోవాల్సిన వంతెన మాత్రం మధ్యలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

సిద్దికా మౌస్ వదల్లేదు. "అడవిలో పడ్డవాళ్లతో దాడి చేద్దాం."

"ఒక్క దళమేనే!"

"త్వరగా కానివ్వరా. నాన్న దగ్గరికి ఎవరైనా వస్తే మనం లేవాలి."

దాడి చేసింది. ఆ దళమూ పోయింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఓడిపోయారు. ఆ వారంలో ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు.

సిద్దికా వాళ్ల నాన్న షఫీక్ గారికి చీరాలలో చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు తయారుచేస్తారు. పైన డాబా ఇల్లు, కింద షాపు. మధ్యాహ్నం భోజనాల వేళ గిరాకీ ఉండదు కాబట్టి, ఆ కాసేపూ సిద్దికా, పక్కింటి కోటి కంప్యూటర్ ముందు కూర్చోవచ్చు. ఎవరైనా పని మీద వస్తే మాత్రం మారుమాట్లాడకుండా లేవాలి. అదీ ఒప్పందం.

వేసవి సెలవులు. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఈ యుద్ధం గేమ్ సీడీ ఉచితంగా వచ్చింది. టపటపా కాల్చుకుంటూ పోయే ఆట కాదిది. చదరంగం లాంటిది. మనం కదిపాక ఎదుటివాళ్లు కదుపుతారు. ఒక్కో వంతును టర్న్ అంటారు. తెర నిండా తేనెపట్టులో ఉన్నట్టు ఆరు మూలల గళ్లు. మనవాళ్లు దగ్గరికి వెళ్తే గాని అక్కడ ఏముందో కనపడదు. మిగతాదంతా చీకటి.

అన్ని మిషన్లూ గెలుచుకుంటూ వచ్చిన ఇద్దరూ ఈ వంతెన దగ్గర ఆగిపోయారు. విమానాల్లోంచి దళాల్ని దించి వంతెన పట్టుకోవాలి. మన ట్యాంకులు వచ్చేదాకా దాన్ని కాపాడాలి. అన్నిటికీ కలిపి ఉన్నవి పది టర్నులే.

"మొదటి టర్నులోనే దించాం. ఇంతకంటే త్వరగా ఎలా దించుతాం?" అన్నాడు కోటి.

"అది కాదురా. నేను నొక్కింది వంతెన పక్క గడి మీద. వాళ్లు పడింది నది అవతల. ఎందుకు?"

"కంప్యూటర్ మోసం చేస్తోంది."

కోటికి అర్థం కానివన్నీ మోసమే. లెక్కల పరీక్ష కూడా.

సిద్దికాకు మాత్రం 'ఎందుకు' పట్టుకుందంటే జ్వరం పట్టుకున్నట్టే. ఒక పట్టాన దిగదు. ఆ సాయంత్రం ఒక ప్లాస్టిక్ కవరును చదరంగా కత్తిరించింది. నాలుగు మూలలకీ నాలుగు దారాలు కట్టి, సైకిల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఇనప నట్టును కింద వేలాడదీసింది. మంచం మీద నిలబడి వదిలింది. తిన్నగా కింద పడింది. ఫ్యాను వేసి మళ్లీ వదిలింది. పక్కకు కొట్టుకుపోయి అమ్మ ఉతికి మడతపెట్టిన బట్టల మీద పడింది.

"గాలి!" అని అరిచింది సిద్దికా.

గదిలో ఫ్యాను గాలి సరే. మరి బయట అసలు గాలిలో ఎంత దూరం పోతుంది? ఆ ఆలోచనతో రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు. తెల్లవారీ తెల్లవారకముందే డాబా ఎక్కేసింది. పిట్టగోడ దగ్గరికి పరుగెత్తుకెళ్లి, చెయ్యి చాపి, పారాచూట్ వదిలేసింది.

కవరు ఉబ్బింది. ఎంత బాగుందో! నట్టు కింద ఊగుతుంటే, ఎవరో నడిపిస్తున్నట్టు మెల్లగా తూర్పు వైపుకు జరిగింది. సిద్దికా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగకముందే కింద నుంచి కేక వినపడింది.

"ఎవర్రా అదీ!"

అప్పుడు చూసింది సిద్దికా కిందికి.

ఆ వీధిలో పొద్దునపూట పడుగులు సాగదీస్తారని ఆమెకు తెలియక కాదు. పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. చీరలో నిలువుగా వెళ్లే పోగులన్నీ కలిపి పడుగు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి పొడవునా నడుమెత్తున లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. అదంతా ఎండ ఎక్కకముందే అయిపోవాలి. గంజి ముందే ఆరిపోతే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఇక ఆ పడుగు దేనికీ పనికిరాదు.

ఆ రోజు పడుగు కోటి వాళ్లది. సరిగ్గా దాని మధ్యలో దిగింది పారాచూట్.

సిద్దికా మెట్లు రెండేసి దూకుతూ వీధిలోకి వచ్చింది. నట్టు పోగుల మధ్యలోంచి కిందికి జారి వేలాడుతోంది. దారాలు తడి గంజికి అంటుకుపోయాయి. కోటి వాళ్లమ్మ వెంకటేశ్వరమ్మ ఆ చివర నుంచి పరుగెత్తుకొస్తోంది.

"ఆగు! ముట్టుకోకు!"

ఆ మాట పూర్తికాకముందే సిద్దికా కవరు పట్టుకుని లాగేసింది. పుటుక్కు పుటుక్కుమని పోగులు తెగాయి.

కోటి గంజి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కుంచెకు చెరో కొస పట్టుకున్న వాళ్ల నాన్నా, సాయం వచ్చిన అదే వీధి నేతగాడు బాలస్వామీ నడక ఆపేశారు.

"పడింది చాలక లాగుతావా?" అంది వెంకటేశ్వరమ్మ. "ఇది చెడిపోతే నెల్లాళ్లు మగ్గం ఖాళీగా పెట్టుకుని కూర్చోవాలి. తెలుసా నీకు?"

"త్వరగా తీసేద్దామని... అత్తయ్యా..." సిద్దికాకు ఏడుపు వచ్చేసింది. చేతిలో కవరు, దానికి అంటుకుని తెగిన పోగుల ముక్కలు.

అరుగు మీద కూర్చున్న కోటి తాతయ్య పానకాలు అడిగాడు. "అంత తొందరేంటమ్మా?"

"ఆలస్యం అమృతం విషం అని మా టీచర్..."

"నిదానమే ప్రధానం అని కూడా చెప్పుంటారే! ఆ పూట బడి ఎగ్గొట్టావా?"

బాలస్వామి నవ్వాడు. వెంకటేశ్వరమ్మ నవ్వలేదు. ఆమె ఎదురింటి గోడ వైపు చూస్తోంది. గోడ పైఅంచు మీదికి ఎండ వచ్చేసింది. అది కిందికి దిగితే వచ్చేది పడుగు మీదికే.

"కోటీ, నీళ్లు చిలకరిస్తూ ఉండు, ఆరనివ్వకు. నువ్విలా రా," అంది సిద్దికాతో. "నీ వేళ్లు సన్నంగా ఉన్నాయి. అతుకుదాం పట్టు."

సిద్దికా గబగబా కళ్లు తుడుచుకుని, చేతికి అందిన రెండు కొసలు పట్టుకుంది.

"మళ్లీనా?" ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది వెంకటేశ్వరమ్మ. "ఆ కొస దీనిదేనా? పక్కదానితో అతికావంటే రెండూ చెడతాయి. ముందు చూడవే."

సిద్దికా చేతులు వెనక్కి తీసుకుంది. వంగి చూసింది. మొదట అంతా ఒకే చిక్కులా ఉంది. ఎండేమో గోడ మీద దిగుతోంది. చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో సిద్దికాకు అప్పుడే తెలిసింది. అయినా చూసింది. కాసేపటికి ఒక పోగు దారి విడిగా కనపడింది. ఇది ఇక్కడి నుంచి వచ్చి, ఇక్కడ తెగి... అదిగో, దాని రెండో కొస అక్కడ! ఆ పక్కది దాని పక్కనే. అన్ని కొసలనూ వాటి వాటి చోట్ల పెట్టింది. అప్పుడు వెంకటేశ్వరమ్మ నేర్పినట్టు వేలికి గంజి రాసుకుని, రెండు కొసలూ కలిపి పురి పెట్టింది. మొదటిది జారిపోయింది. రెండోసారి నిలిచింది.

ఇద్దరూ అతుకుతూ పోయారు. కోటి నీళ్లు చిలకరిస్తూ పోయాడు. ఎండ గోడ దిగి వీధిలో కాలు పెట్టేసరికి ఆఖరి పోగు అయింది.

"కుంచె రానివ్వండి," అంది వెంకటేశ్వరమ్మ.

కుంచె వచ్చింది. అతికిన చోటికి వచ్చేటప్పటికి సిద్దికా వంగి చూసింది. మళ్లీ తెగితే? కుంచె దాటిపోయింది. పోగులు నిలిచాయి.

"హమ్మయ్య," అంది వెంకటేశ్వరమ్మ. తర్వాత సిద్దికా పక్కన పడేసిన కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతకీ ఏంటిది?"

"పారాచూట్ అత్తయ్యా. గాలి ఎటు తీసుకెళ్తుందో చూద్దామని."

"చూశావుగా, నా కొంప మీదికి! ఇది నా దగ్గరుంటుంది." కవరును, నట్టును కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం కోటి ఆటకు రాడేమో అనుకుంది సిద్దికా. వచ్చాడు. గంజి వాసన కూడా వాడితోనే వచ్చింది.

"అమ్మ ఇంకా తిడుతోందా?" అని అడిగింది.

"పొద్దున తిట్టింది. ఇప్పుడు పడుగు మడతపెడుతోంది. సరే కానీ, మొదలుపెట్టు."

సిద్దికా మౌస్ ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపే చూస్తోంది.

"కానీవే!"

"ఆగరా. చూస్తున్నా."

నది, అడవి, వంతెన. రోజూ చూసేవే. తెర పైమూలకు వచ్చేసరికి చూపు ఆగింది. అక్కడ గోరంత జెండా బొమ్మ. అది కుడివైపుకు ఊగుతోంది.

"ఇదెప్పటి నుంచి ఉందిరా?"

కోటి ముక్కు తెరకు ఆనించి చూశాడు. "మొదటి నుంచీ ఉన్నట్టుంది."

కుడివైపే నది అవతలి ఒడ్డు. మన దళాలు కొట్టుకుపోయింది అటే! ఇంకా ఏమేం ఉన్నాయో ఇందులో? ఒక మూల చిన్న విమానం ఉంది. దానికి తుపాకీ లేదు, బాంబు లేదు. దేనికీ పనికిరాదని రోజూ దాన్ని వదిలేసేవాళ్లు. ఈసారి దాన్ని వంతెన మీదుగా పంపింది. అది వెళ్తున్నకొద్దీ చీకటి గళ్లు తెరుచుకున్నాయి. అడవి అంచున వరసగా విమానాల్ని కొట్టే ఫిరంగులు!

"అమ్మో! మనం రోజూ వీటి నెత్తి మీంచే పోతున్నామా?" అన్నాడు కోటి.

సిద్దికా ఒక్క దళాన్ని కూడా దించకుండా టర్న్ ముగించేసింది.

కోటి నెత్తి కొట్టుకున్నాడు. "ఉన్నవే పది! ఒకటి వేస్ట్ చేశావు!"

"వేస్ట్ ఏం కాలేదు. చూశాంగా."

తర్వాతి టర్నులో విమానాలు అడవిని చుట్టి వెళ్లాయి. ఒక్కటీ కూలలేదు. వంతెన పక్క గడి మీద కాకుండా, దానికి ఎడమగా దించింది. గాలి దళాల్ని కుడికి తోసింది. రెండు వంతెన దగ్గరే దిగాయి. ఒకటి మాత్రం దూరంగా పొలంలో పడింది.

"కొట్టెయ్! వంతెన పక్కనే ఉన్నాం!"

"ముందు ఆ పొలంలోవాళ్లను రానీరా. అందరూ ఒక చోట చేరాక."

కోటి ఆమె ముఖంలోకి చూశాడు. "పొద్దున పోగులు సర్దినట్టా?"

సిద్దికా నవ్వింది. ఆ రోజంతా అదే మొదటి నవ్వు.

అంతలో శుభలేఖ కోసం ఒక పెద్దాయన షాపులోకి వచ్చారు. "సిద్దీ," అని పిలిచారు షఫీక్ గారు.

"మామయ్యా, ఒక్క దాడి! ఒక్కటే!" అని బతిమాలాడు కోటి.

నిన్నటి సిద్దికా అయితే లేచేలోపు గుడ్డిగా ఒక దెబ్బ వేసి లేచేది. ఇవాళ ఆటను సేవ్ చేసి, కుర్చీ సరిగ్గా జరిపి లేచింది.

వంతెన దక్కిందా అని మీరు అడుగుతారని నాకు తెలుసు. దక్కింది, మర్నాడు, పదో టర్నులో. మన ట్యాంకు వంతెన ఎక్కినప్పుడు కోటి వేసిన కేకకు షఫీక్ గారి చేతిలో టీ ఒలికింది. కంప్యూటర్ ఈసారి మోసం చెయ్యడం మర్చిపోయిందని కోటి ఇప్పటికీ అంటాడు.

ఆదివారం పొద్దున సిద్దికా కోటి వాళ్లింటికి వెళ్లింది. పడుగు మగ్గం ఎక్కింది. మగ్గం పక్కనే గోడ మేకుకు పారాచూట్ వేలాడుతోంది. సిద్దికా దానివైపు చూడకుండా పడుగు మీదికి వంగి వెతికింది.

"మనం ఎక్కడ అతికామో కనపడటం లేదు అత్తయ్యా."

"నాకు కనపడుతుందిలే," అంది వెంకటేశ్వరమ్మ.

"ఇవాళ వీధిలో ఎవరిదైనా పడుగు ఉందా?"

"బాలస్వామి వాళ్లది. ఇంకాసేపట్లో ఎత్తేస్తారు. ఏం?"

"ఎత్తేశాక డాబా ఎక్కుదామని."

వెంకటేశ్వరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. మేకు నుంచి పారాచూట్ తీసి చేతిలో పెట్టింది.

బాలస్వామి పడుగు చుట్టుకుని వెళ్లాక, సిద్దికా వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి చూసింది. నడి వీధిలో సుద్దముక్కతో పెద్ద సున్నా గీసింది. డాబా ఎక్కి టీవీ యాంటెన్నాకు ఒక దారప్పోగు కట్టింది. అది తూర్పుకు ఊగింది. సున్నాకు ఎదురుగా కాకుండా నాలుగడుగులు పడమరకు జరిగి నిలబడింది. పిట్టగోడ మీంచి కిందికి చూసింది.

కోటి, పానకాలు తాత అరుగు మీదున్నారు. వెంకటేశ్వరమ్మ సరిగ్గా సున్నాలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తోంది.

"అత్తయ్యా, కాస్త పక్కకి జరగవా?"

ఆమె జరిగింది. వీధికి అటూ ఇటూ కూడా చూసి చెప్పింది. "ఎవరూ లేరు. ఇక వదలవే!"

సిద్దికా యాంటెన్నా మీది పోగును ఇంకోసారి చూసింది. అప్పుడు చెయ్యి వదిలింది.