పూర్తి పదిహేను నిమిషాలు

మా ఆఫీసు వంటగదిలో కప్పులు పెట్టుకునే అలమార ఒకటి ఉంది. దాని తలుపు లోపలివైపు తెల్లటి గుండ్రటి బిళ్ళలు వరసగా అంటించి ఉండేవి. ఒక్కోటి కోటు గుండీ అంత. ఒక్కో బిళ్ళ కింద పెన్సిలుతో ఒక పేరు. బయటివాళ్ళెవరూ ఆ అలమార తెరవరు కాబట్టి ఆ సంగతి మా నలుగురైదుగురికే తెలుసు.

మాది ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసుకునే పని. లేపడం, కడగడం, మాత్రలు వెయ్యడం, గంజి తాగించడం, పక్క సర్దడం. ఇంటికి రోజుకు నాలుగు వంతులు, వంతుకు పదిహేను నిమిషాలు. ప్రతి ఇంటి గుమ్మం లోపల అలాంటి తెల్ల బిళ్ళ ఒకటి అంటించి ఉంటుంది. వెళ్ళగానే ఫోను దానికి తాకిస్తే టింగ్ మంటుంది, 'వంతు మొదలైంది' అని పడుతుంది. వచ్చేటప్పుడు మళ్ళీ తాకిస్తే 'వంతు ముగిసింది'. ఆఫీసు కంప్యూటర్లో ఒక గడి ఆకుపచ్చగా మారుతుంది. నాకు రాత అంతంతమాత్రం. అందుకని ఆ ఫోను వచ్చాక హాయిగా ఉండేది.

బిళ్ళలు ఊడిపోతుంటాయని ఇంటికి రెండేసి పంపేవాళ్ళు. ఆ రెండోవాటిని అలమారలో అంటించింది మార్కెట్టా, మా జట్టు పెద్ద. మంచు బాగా పడ్డ రోజున, మనుషులు చాలని రోజున, అలమార తెరిచి కాఫీ తాగుతూ తాకించేది. టింగ్. పావుగంటయ్యాక మళ్ళీ టింగ్.

"ఒక్క పూట గంజి తాగకపోతే ఎవరూ చావరులే" అనేది.

నేను ఏమీ అనేదాన్ని కాదు. నాకు పదిమందిలో నోరు పెగలదు. ఐలా అని నా పేరైనా అడిగితేనే చెబుతాను.

హెల్వి మామ్మ మా వంతుల్లో ఒక ముసలావిడ. ఎనభై ఆరేళ్ళు. నది పక్క వీధిలో కింది అంతస్తులో ఒక్కతే ఉండేది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో బట్టలుతికే చోట పెత్తనం చేసిన మనిషి. దుప్పటి మూలలు సరిగ్గా మడిచి పరుపు కిందికి తొయ్యకపోతే ఊరుకునేది కాదు.

"కాగితం మడిచినట్టుండాలి అమ్మాయ్. మనిషి ఎంత దొర్లినా ఊడకూడదు."

నాకు యాభై మూడేళ్ళు. అయినా ఆవిడకు నేను అమ్మాయినే. ఆవిడ గౌను జేబులో గళ్ళ కాగితాల చిన్న పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు ముక్క ఉండేవి. మేము ఎన్నింటికి వచ్చిందీ, ఎన్నింటికి పోయిందీ అందులో రాసుకునేది.

"తొమ్మిది నిమిషాలకే బూట్లు తొడుగుతున్నావేం, అమ్మాయ్?" అంది ఒకసారి.

"అవతల ఇంకో ఇల్లుంది మామ్మా."

"మీ ఆఫీసువాళ్ళిచ్చిన కాగితంలో పదిహేనని ఉంది. మిగతా ఆరూ ఎవరు మింగారు? మీ మార్కెట్టా కాఫీలో కలుపుకుందా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"చెప్పు ఆవిడకి. నా చేతికి చిక్కిందంటే, కాగితంలో ఉన్న సేవంతా తనకి నేనే చేస్తా. నాలుగు వంతులూ. పూర్తి పదిహేను నిమిషాలు."

కిందటేడు డిసెంబరు ఆరు. మా దేశపు స్వాతంత్ర్య దినం, సెలవు. పనిలో ముగ్గురమే ఉన్నాం. మా ఉత్తరాన ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండింటికే చీకటి పడిపోతుంది. స్వాతంత్ర్య దినాన సాయంత్రం ఆరయ్యేసరికి ఆనవాయితీగా ప్రతి ఇంటి కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలుగుతాయి. టీవీలో దేశాధ్యక్షుడి విందు. ఎవరు ఏ గౌను వేసుకొచ్చారో చూడ్డానికి ఊరంతా టీవీ ముందే ఉంటుంది.

ఆరింటికి హెల్వి మామ్మ వంతు నాది. కోటు తొడుక్కుంటుంటే మార్కెట్టా నా చేతిలోంచి ఫోను లాక్కుని అలమార తెరిచింది. టింగ్.

"అయిపోయింది. రా, కూర్చో. ఆవిడ గుండ్రాయిలా ఉంది, మధ్యాహ్నం చూశాను."

మధ్యాహ్నం కూడా తను చూసింది అలమారలోనే. నాకు తెలుసు. కోటు విప్పి కూర్చున్నాను.

ఏడున్నరకు ఇంటికి బయల్దేరాను. నది పక్క వీధిలో అన్ని కిటికీల్లోనూ రెండేసి కొవ్వొత్తులు. హెల్వి మామ్మ కిటికీ ఒక్కటే నల్లగా ఉంది. ఆ కొవ్వొత్తులు వెలిగించాల్సింది ఆరింటికి వెళ్ళే మనిషి. అంటే నేను. నిద్రపోయి ఉంటుందిలే అనుకున్నాను. కారు ఆపలేదు.

మర్నాడు పొద్దున నేనే వెళ్ళాను. మంచానికీ గోడకీ మధ్య సందులో పడి ఉంది. చల్లబడిపోయింది. చేతిలో పుస్తకం.

'పన్నెండు. మార్కెట్టా రాలేదు.'

'నాలుగు. మార్కెట్టా రాలేదు.'

దాని కింద, వంకరగా, 'ఆరు. ఐలా రాలేదు.' అక్కడినుంచి పెన్సిలు జారి, గీత ఒకటి పేజీ అడుగు దాకా పోయింది.

పుస్తకం మార్కెట్టాకు చూపించాను. "దాన్ని పొయ్యిలో పడెయ్. నీకూ మంచిది, నాకూ మంచిది" అంది. తల ఊపాను. కానీ పొయ్యిలో వెయ్యలేదు. ఇంట్లో కాఫీ డబ్బా అడుగున దాచాను. ఎందుకంటే చెప్పలేను. ఎప్పటికైనా మార్కెట్టా మీద పనికొస్తుందనే అయ్యుంటుంది.

జనవరిలో నాణ్యత తనిఖీకి ఒకాయన వచ్చాడు. కంప్యూటర్లో ఆ రోజు తెరిచి చూశాడు. నాలుగు వంతులు, నాలుగూ ఆకుపచ్చ గళ్ళు. సేవలో లోటేమీ లేదని రాసుకున్నాడు. "మీరేమన్నా చెబుతారా?" అని నన్నడిగాడు. నేను నేలకేసి చూశాను. వేసవికి మా ఆఫీసుకు మెచ్చుకోలు పత్రం వచ్చింది. 'భద్రమైన ఇల్లు, నాణ్యమైన సేవ.' మార్కెట్టా దానికి అద్దం కట్టించి అలమార పక్కనే తగిలించింది.

మళ్ళీ చలికాలం వచ్చింది. నవంబరు నెలాఖరున మార్కెట్టా మంచుగడ్డ మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి ఇంటికి పంపారు. మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. లేవలేదు. దాంతో తనకీ మేమే దిక్కయ్యాం. రోజుకు నాలుగు వంతులు. తన గుమ్మంలోనూ బిళ్ళ అంటించాం. రెండో బిళ్ళ మాత్రం ఎవరికీ ఇవ్వకుండా దిండు కింద పెట్టుకుంది. తనకు తెలుసుగా.

మొదటి నాలుగు రోజులూ నేను వేరే ఇళ్ళకు తిరిగాను. డిసెంబరు ఐదున నాలుగింటి వంతు నాకు పడింది.

బయట అప్పటికే కటిక చీకటి. మెట్ల దీపాలు వాటంతటవే ఆరిపోయే రకం. మూడో అంతస్తు చేరేసరికి ఆరిపోయాయి. తాళంచెవి తీస్తూ ఫోను చూసుకున్నాను.

'వంతు జరుగుతోంది. 4:00.'

నేనింకా తాకించలేదు. వచ్చిన మనిషి పేరు పడాల్సిన చోట ఖాళీగా ఉంది.

ఇంకెవరినైనా పంపారేమో అనుకుని తలుపు తీశాను. వాసన ముఖాన కొట్టింది. వేడి ఇస్త్రీ పెట్టె కింద తడిబట్ట కాలే వాసన. తారు సబ్బు. అడుగంటిన పాలు. ముందుగదిలో దీపం లేదు. పడగ్గదిలోనూ లేదు. ఆ చీకట్లోంచి చప్పుడు ఒక్కటే వస్తోంది. చెంచా గిన్నెకు తగులుతున్న చప్పుడు. తగిలి... ఆగి... మళ్ళీ తగిలి...

"మింగు..."

గుసగుసలా ఉంది ఆ మాట.

"ఇంకా ఆరు నిమిషాలుంది... మింగు..."

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. చెంచా ఆగింది. నేల మీద తడి పాదాలు... ఒకటి... రెండు... నా పక్కనుంచి ఏదో దాటిపోయింది. తడి దుప్పటి రాసుకుంటూ పోయినట్టు. అప్పుడు నా చెవి పక్కనే, గుమ్మానికున్న బిళ్ళ దగ్గర...

టింగ్.

ఫోనులో 'వంతు ముగిసింది. 4:15.' నా కోటు చెయ్యి మోచేతి దాకా తడిసి ఉంది.

దీపం వేశాను. మార్కెట్టా మంచం మీద వెల్లకిలా ఉంది. జుట్టు తడిపి, నుదురు లాగుకుపోయేంత బిగించి జడ వేసి ఉంది. మూతి చుట్టూ కాలి ఎర్రగా పొంగింది. దుప్పటి మెడ దాకా కప్పి ఉంది, ఒక్క ముడత లేదు. మూలలు కాగితం మడిచినట్టున్నాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"నేను ఇంటికొచ్చిన రోజు నుంచి." పెదవులు కదలకుండా మాట్లాడుతోంది. "మనవాళ్ళు వచ్చేసరికే అంతా అయిపోయి ఉంటుంది. గడి పచ్చగా ఉందని గుమ్మంలోంచే పోతున్నారు. నేను అరుస్తూనే ఉన్నాను ఐలా. గొంతు రావడంలేదు."

తడిసిన కోటు చెయ్యి పిండుకున్నాను.

"పుస్తకమేదని అడుగుతోంది. కాల్చేశామన్నాను. నవ్వుతోంది... కాల్చావు కదూ?"

"లేదు."

కళ్ళు మూసుకుంది. చెంపల మీదికి నీళ్ళు కారాయి. తుడుచుకోవడానికి దుప్పటి కిందనుంచి చెయ్యి రావడంలేదు.

"అయితే ఇచ్చెయ్. తనిఖీవాళ్ళకి ఇచ్చెయ్. నా పేరుంటే ఉండనీ, పోనీ నా ఉద్యోగం. రేపు ఆరో తారీఖు, ఐలా. రేపు నన్ను మంచం దించుతానంటోంది."

"రేపు ఇస్తాను."

"రేపు ఆరింటి వంతు నీదే కదా. నువ్వు రా. పక్కన మనిషుంటే ఏం చెయ్యదేమో. వస్తావుగా?"

"వస్తాను."

దుప్పటి మూల పట్టుకుని లాగాను. రాలేదు. రెండు చేతులా లాగినా రాలేదు. నా పదిహేను నిమిషాలు అయిపోయాయి. అవతల ఇంకో ఇల్లుంది.

నిజం చెప్పాలంటే, మెట్లు దిగుతుంటే భయంతో పాటు ఇంకొకటి కూడా ఉంది లోపల. తగిన శాస్తి అనిపించింది. ఇన్నేళ్ళూ నా చేతిలోంచి ఫోను లాక్కున్న మనిషి.

మర్నాడు పుస్తకం తీశాను. చివరి వరసలో ఉన్నది మార్కెట్టా పేరు కాదు. మళ్ళీ డబ్బాలోనే పెట్టేశాను.

సాయంత్రం ఆరుకు ఒక్క నిమిషం ఉందనగా మార్కెట్టా ఇంటి కింద కారు ఆపాను. ఆ మేడ మీద అన్ని కిటికీల్లోనూ రెండేసి కొవ్వొత్తులు. మూడో అంతస్తులో ఒక్క కిటికీ నల్లగా ఉంది. కారు తలుపు మీద చెయ్యి వేశాను. ఒళ్ళో ఫోను టింగ్ మంది.

'వంతు మొదలైంది. 6:00.'

చెయ్యి తీసేశాను. ఇది ముగిశాక వెళ్దాం అనుకున్నాను. పావుగంటే కదా. ఆ కిటికీకేసి చూడకుండా స్టీరింగుకేసి చూస్తూ కూర్చున్నాను. పైనుంచి ఏదో బరువుగా పడ్డ చప్పుడు... ఒక్కసారే. ఇంటి కప్పు మీంచి మంచు జారిందేమో. ఆ కాలంలో జారుతూనే ఉంటుంది.

'వంతు ముగిసింది. 6:15.'

అయిపోయింది కదా. గడి పచ్చబడింది కదా. ఇంక పైకి వెళ్ళి నేను చేసేదేముంది...

కారు తిప్పాను.

ఏడో తారీఖు పొద్దున వేరే అమ్మాయి వెళ్ళి చూసింది. మంచానికీ గోడకీ మధ్య సందులో ఉంది మార్కెట్టా. పోలీసులకు ఒకటే అర్థం కాలేదంట. మంచం మీద దుప్పటి నాలుగు మూలలూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. అందులోంచి మనిషి బయటికెలా వచ్చింది అని. రికార్డు మాత్రం బాగుంది. రోజుకు నాలుగు, అన్నీ ఆకుపచ్చే. ఒక్కోటీ సరిగ్గా పదిహేను నిమిషాలు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ డబ్బా తెరిచాను. ఆ పేజీ తీశాను. 'ఆరు. ఐలా రాలేదు.' దాని కింద జారిన పెన్సిలు గీత. ఆ గీత పక్కన, అదే చేతిరాతతో, ఇంకో వరస.

'ఆరు. ఐలా రాలేదు.'

పుస్తకం చేతిలో ఉండగానే మా వీధి తలుపు దగ్గర టింగ్ మంది.

మా ఇంట్లో బిళ్ళ లేదు. నేను ఎవరి జాబితాలోనూ లేను. ఫోను చూశాను. 'వంతు మొదలైంది. 6:00.' పడగ్గదిలో ఎవరో దుప్పటి దులిపి పరుస్తున్నారు. ఒకసారి... రెండుసార్లు...

తెల్లారేదాకా వంటింట్లోనే కూర్చున్నాను. ఇంక ఇచ్చెయ్యాల్సిందే అనుకున్నాను. పుస్తకం కోటు జేబులో పెట్టుకుని గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాను. ఒక కాలికి అయింది. రెండో బూటులో కాలు పెట్టాను.

"అప్పుడే బూట్లు తొడుగుతున్నావేం, అమ్మాయ్?"

నా వెనకే... చాలా దగ్గరగా.

తిరిగి చూడలేదు. బూటు విప్పేశాను.

ఇవ్వాళ పదకొండో తారీఖు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నాకొచ్చిన రాతలోనే ఇదంతా రాస్తున్నాను. ఎవరైనా వస్తే పుస్తకంతో పాటు ఇది కూడా దొరకాలని. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. నేను పెట్టలేదు. ఫోనులో 'వంతు జరుగుతోంది' అనే ఉంది. ముగిసింది అని ఇంతవరకూ పడలేదు.

పొద్దున ధైర్యం చేసి గుమ్మం లోపలివైపు చేత్తో తడిమి చూశాను. కోటు గుండీ అంత గుండ్రటిది వేళ్ళకు తగిలింది. గోటితో గీకాను, బయటికి రాలేదు. రంగు కింద ఉంది.

ఆ గుమ్మానికి నేను రంగు వేసి ఆరేళ్ళయింది.