ట్రయల్ చెయ్యని బల్ల

నా షెడ్డులోకి ఆడపిల్లలు రారు. భీమవరం నుంచి ఉండి వెళ్ళే రోడ్డు మీద, మేత గోడౌన్ పక్కన, ఏరేటర్లు రిపేరు చేసే షెడ్డు అది. చెరువులో నీళ్ళు చిలికి రొయ్యలకి గాలి అందించే చక్రాలే ఏరేటర్లు. వచ్చేవాళ్ళంతా మోకాళ్ళదాకా బురదతో వస్తారు, వస్తూనే కేకలేస్తారు. అందుకే జూన్‌లో ఒక వానరోజు ఒకమ్మాయి గొడుగు మడుస్తూ గుమ్మంలో నిలబడితే, అడ్రసు తప్పి వచ్చిందనుకున్నాను.

"కంప్యూటర్ మానిటర్లు మోటారుతో పైకీ కిందికీ కదిలే టేబుల్ చేస్తారాండి?" అని అడిగింది.

"మేం రొయ్యలకి గాలి అందిస్తామండి. మానిటర్లకి అందించం."

నవ్వలేదు. "అయితే మీకు రాదన్నమాట."

"రాదని ఎవరన్నారండీ?"

"మీరే. ఇప్పుడే."

పేరు ఆశాజ్యోతి. మా మిషన్ హైస్కూల్లో కంప్యూటర్ టీచరు. ఆదివారం చర్చిలో పాటల బృందంలో, కింది గొంతు ఆల్టో పాడే వరసలో, దూరం నుంచి చూశానేగానీ, ఎప్పుడూ మాట్లాడలేదు. స్కూల్లో ఉన్నది ఒకటే హాలు. పొద్దున అక్కడ కంప్యూటర్ క్లాసు, మధ్యాహ్నం ఆడపిల్లలకి కుట్టుపని క్లాసు. రోజూ పన్నెండు మానిటర్లు దించి, మళ్ళీ ఎక్కించి ఆమె నడుం పడిపోతోందట. బటన్ నొక్కితే మానిటర్ బల్లలోకి దిగిపోవాలి, మీద మూత పడాలి, గుడ్డ పరుచుకుని కత్తిరించుకోవడానికి చదునైన బల్ల అయిపోవాలి. ముందు ఒకటి చేసి చూపిస్తే, మిగతా పదకొండూ చేయించడానికి స్కూలు కమిటీ ఒప్పుకుంటుంది.

గ్రాఫ్ పుస్తకంలో బొమ్మ గీసి తెచ్చింది. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. నాకు కొంచెం మండింది.

"ఇందులో ఒక తప్పుందండి" అన్నాను.

"ఏంటది?"

వెతికాను. ఏమీ దొరకలేదు. "మోటారు ఎక్కడ పెట్టాలో గియ్యలేదు."

"అది తెలిస్తే మీ దగ్గరికి ఎందుకొస్తానండీ, ఏరేటర్ గారూ?"

ఆ క్షణం నుంచీ ఆమె ముందు గొప్పగా కనిపించాలనే జబ్బు ఒకటి నాకు పట్టుకుంది. తర్వాత జరిగిందంతా ఆ జబ్బు వల్లే జరిగింది. ఇప్పుడు తల్చుకున్నా చెవులు వేడెక్కుతాయి.

పాత కారు వైపర్ మోటారు ఒకటి తెచ్చాను. దానికి మర ఉన్న పొడవాటి రాడ్డు బిగించాను. రాడ్డు తిరిగితే నట్టు పైకి ఎక్కుతుంది, నట్టుతో పాటు మానిటర్ లేస్తుంది. అటూ ఇటూ ఊగకుండా సొరుగులకి వేసే చానెళ్ళు రెండు వేశాను. స్కూలు వదిలాక ఆశ స్కూటీ మీద వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు వలుస్తూ నా పనికి వంకలు పెట్టేది.

"ఈ చిన్న స్విచ్‌లు ఎందుకండీ?"

"ఇవి హద్దు స్విచ్‌లు. పైకి వెళ్ళి దీన్ని తాకగానే మోటారు ఆగిపోతుంది. కిందికి దిగి దాన్ని తాకగానే ఆగిపోతుంది."

"తాకినా ఆగకపోతే?"

"విజయ్ పాల్ చేసింది ఆగకపోవడం ఉండదండి."

"అబ్బో" అని ఒక గింజ నోట్లో వేసుకుని నా వైపు చూసింది. ఆ చూపుకి నేను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని పది నిమిషాలు దాని కోసమే వెతికాను.

ఒకరోజు వాన దంచి కొడుతుంటే ఇంటికి వెళ్ళలేక ఆగిపోయింది. రేకుల మీద చప్పుడికి గట్టిగా అరిస్తేగానీ మాట వినపడదు.

"రెండేళ్ళుగా టెంపరరీ అండి నేను!" అని అరిచింది. "ఈ నెలాఖరుకి కమిటీ పర్మనెంట్ చెయ్యాలి! ఈ బల్ల ఐడియా నాదని మా హెడ్‌మిస్ట్రెస్ హెలెన్ మేడం వాళ్ళకి చెప్పేశారు! పాడు చేశారో, నా ఉద్యోగం గోదాట్లో కలుస్తుంది!"

"చెయ్యనండి!" అని నేనూ అరిచాను. అంత గట్టిగా మాటిచ్చినవాణ్ణి నేను.

బల్లని స్కూలుకి చేర్చిన రోజు పొద్దున్నే హాలంతా రంగు కాగితాలు కట్టారు. తొమ్మిదిన్నరకి ప్రార్థన, పదింటికి ప్రారంభం. తొమ్మిదికి నేను ఆఖరి బిగింపులు చేసి పై బటన్ నొక్కాను. మానిటర్ కిందికి దిగింది.

బటన్ల డబ్బా తలకిందులుగా బిగించానని వెంటనే అర్థమైంది. నాలుగు స్క్రూలు విప్పి డబ్బా తిప్పి పెడితే సరిపోయేది, పావుగంట పని. కానీ ఆశ అప్పుడే కొత్త కాటన్ చీరలో లోపలికి వచ్చింది. "ఏమైందండీ? తిరగబడిందా?" అని అడిగింది.

"ఎంతసేపండి, రెండు నిమిషాలు" అన్నాను.

చెరువు మీద చక్రం ఎదురు తిరిగితే మేం చేసేది ఒకటే. మోటారుకి వెళ్ళే వైర్లలో రెండింటిని అటూ ఇటూ మార్చేస్తాం. చక్రం దారికొస్తుంది, గట్టు మీద రైతులు శభాష్ అంటారు. చెయ్యి ఆ అలవాటు మీదే పోయింది. వైర్లు మార్చి బటన్ నొక్కితే మానిటర్ బుద్ధిగా నాలుగంగుళాలు పైకి లేచింది. అక్కడ ఆపి, మూత పడేంతవరకే మళ్ళీ దించి వదిలేశాను.

"పూర్తిగా ట్రయల్ చేశారా?" అంది ఆశ.

"చేశానండి."

అబద్ధం. చక్రానికి హద్దులుండవు, ఎటు తిరిగినా తిరుగుతూనే ఉంటుంది. బల్లకి హద్దులున్నాయి. నేను వైర్లు మార్చడంతో పైన ఆపాల్సిన స్విచ్ కింది బటన్‌కి కాపలా కాస్తోంది. పై బటన్‌కి పైన అడ్డే లేదు. ఇది నాకు తట్టేసరికి పదీ పది అయింది.

"నువ్వే నొక్కమ్మా" అన్నారు హెలెన్ మేడం. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆశ పై బటన్ నొక్కింది. మూత తెరుచుకుంది, మానిటర్ లేచింది, అందరూ "ఓ" అన్నారు. అది ఆగలేదు. ఆశ వేలు తీసేలోపే రాడ్డు చివర నుంచి నట్టు ఊడింది, చానెళ్ళు జారాయి, మానిటర్ బోర్లా పడి పూలబొకే మీదుగా నేలమీదకి వెళ్ళి ముక్కలైంది.



"ఏంటిది విజయ్?" అన్నారు మేడం.

నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం ఇది. "బటన్ అంతసేపు నొక్కి పట్టుకోకూడదండి, మేడం. మిస్ గారికి... అలవాటు లేక."

ఆశ నా వైపు చూసింది. కోపంగా కాదు, ఈయన ఎవరు అన్నట్టు చూసింది.  మేడం చెయ్యి చాపితే, మెడలోంచి ల్యాబ్ తాళంచెవి తీసి ఇచ్చేసింది.

"వచ్చే సోమవారం కమిటీలో ఏం చెప్పుకోవాలో ఏంటో" అన్నారు మేడం. "కొత్త వస్తువు చేతికిస్తే ఇలాగా?"

బల్లని ఆటోలో వేసుకుని తిరిగి వస్తుంటే డ్రైవరు రెండుసార్లు పలకరించాడు. నేను ఊడిన నట్టు చేతిలో తిప్పుతూ కూర్చున్నాను.

ఆ వారమంతా ఎలా గడిపానో చెప్పుకోవడానికి సిగ్గు. స్కూలు ముందు నుంచి కాకుండా కాలవగట్టు చుట్టూ తిరిగి షెడ్డుకి వెళ్ళేవాణ్ణి. స్కూటీ హారన్ వినపడితే వెల్డింగ్ అద్దం ముఖానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి. మూడుసార్లు "సారీ" అని మెసేజ్ టైపు చేసి చెరిపేశాను. నాలుగోసారి పంపాను. "దేనికండీ, పాల్ గారూ?" అని జవాబొచ్చింది. ఏరేటర్ గారు పోయి పాల్ గారు వచ్చారు. దేనికో రాయడానికి వేళ్ళు కదల్లేదు.

శనివారం సాయంత్రం ఐదింటికి అమ్మ నన్ను కాటేజ్ ప్రేయర్‌కి లాక్కెళ్ళింది. నెలకోసారి ఒక్కొక్కరి ఇంట్లో పెట్టుకునే ప్రార్థన అది. ఎవరింట్లోనో గుమ్మం దాకా వెళ్ళేవరకూ నేను అడగలేదు. చూస్తే ఆశ వాళ్ళిల్లు.

"వందనాలండీ, రండి రండి" అని వాళ్ళ నాన్న చిట్టియ్య గారు చాప చూపించారు. ఆశ పాటల పుస్తకాలు పంచుతూ నాకూ ఒకటి ఇచ్చింది, నా ముఖం చూడకుండా. ఎదురుగా కుర్చీలో హెలెన్ మేడం. మంచం మీద ఆశ నాయనమ్మ సూరమ్మ గారు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

రెండు పాటలయ్యాక పాస్టరయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళు చెప్పండమ్మా" అన్నారు. దేవుడు చేసిన మేలు నలుగురిలో లేచి చెప్పుకోవడం మా ఆనవాయితీ. మా అమ్మ చెంగు సర్దుకుని లేచింది.

"మా అబ్బాయి స్కూలుకి చేసిన బల్ల సంగతి మీ అందరికీ తెలిసిందేనండి. అంత సామాను పగిలినా, వాడి మీద ఏ నిందా రాకుండా ప్రభువు కాపాడాడండి. అందుకు స్తోత్రం."

ఆ ఇంట్లో. ఆ అమ్మాయి తెచ్చి వేసిన చాప మీద నుంచి లేచి.

ఎవరూ స్తోత్రం అనలేదు. చిట్టియ్య గారు తల దించుకున్నారు. వంటగది గుమ్మంలో టీ గ్లాసుల పళ్ళెంతో ఆశ ఆగిపోయింది. ఆ గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. 

"అమ్మా, కూర్చో" అన్నాను. నేను లేచాను. 

"తప్పు ఆశ గారిది కాదండి. నాది. బటన్ల డబ్బా తలకిందులుగా బిగించాను. దాన్ని విప్పకుండా వైర్లు మార్చేశాను. పూర్తిగా ట్రయల్ చెయ్యలేదు. చేశానని అబద్ధం చెప్పాను. పడిపోయాక ఆవిడ మీదికి తోసేశాను. ఆవిడ బటన్ సరిగ్గానే నొక్కారండి."

"అదేంట్రా!" అంది అమ్మ.

"ట్రయల్ ఎందుకు చెయ్యలేదు విజయ్?" హెలెన్ మేడం గొంతు క్లాసులో ఉన్నట్టే ఉంది.

"రెండు నిమిషాల్లో సరిచేస్తే గొప్పగా ఉంటుందని. చూస్తున్నారని."

"ఎవరు చూస్తున్నారని?" సూరమ్మ గారు మంచం మీద నుంచి ముందుకి వంగారు. "గట్టిగా చెప్పు బాబూ, వినపడి చావదు."

ఇంకేం మిగిలింది దాచుకోవడానికి? "ఆశ గారు చూస్తున్నారనండి!" అని అరిచాను.

 సూరమ్మ గారు ఒక్క క్షణం ఆలోచించి, "ఆమేన్" అన్నారు.

ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. మా అమ్మ చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు. నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా అరుగు మీదకి వచ్చేశాను. సన్నగా వాన పడుతోంది.

వెనక నుంచి ఆశ వచ్చి టీ గ్లాసు అరుగు మీద పెట్టింది.

"నాకు తెలుసండి" అంది.

"ఏంటి?"

"ఆ రోజు మీరు ఆటో పిలవడానికి వెళ్ళినప్పుడు బల్ల కింద దూరి చూశాను. మోటారు దగ్గర మాత్రమే కొత్త టేపు చుట్టి ఉంది, స్విచ్‌ల వైర్లు పాతచోటే ఉన్నాయి. హద్దు స్విచ్‌ల సంగతి మీరే చెప్పారుగా నాకు."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. "మరి మేడంకి ఎందుకు చెప్పలేదండీ?"

"నేను చెప్తే బాగయ్యేది బల్ల ఒక్కటే." తడవకుండా గ్లాసుని గోడ వైపు జరిపింది. "మీరు చెప్తారేమోనని చూశాను. ఆరు రోజులు చూశాను. నిన్న అయితే ఇంక చెప్పరని ఏడ్చాను కూడా. ఉద్యోగం కోసం కాదు."

 "సోమవారం కమిటీ ముందు కూడా చెప్తానండి. మీరూ ఉంటారుగా?"

"ఉండను. నేనుంటే మళ్ళీ గొప్పగా కనిపించాలని చూస్తారు."

సోమవారం ఐదుగురు పెద్దల ముందు నిలబడి అదంతా మళ్ళీ చెప్పాను. ఆశ వాళ్ళింట్లో చెప్పినదానికంటే కష్టమైంది, ఎందుకంటే అక్కడ ఆమేన్ అనేవాళ్ళు లేరు. ఒకాయన "ఆడపిల్ల మీద తోసేశావా, ఛీ" అన్నారు. అవునండి అన్నాను. ఆశని పర్మనెంట్ చేస్తూ అక్కడే సంతకాలు పెట్టారు. మిగతా పదకొండు బల్లలూ ఏలూరులో వేరే వాళ్ళకి ఇస్తామన్నారు. అదీ సబబేనని ఒప్పుకుని బయటికి వచ్చాను.

గేటు పక్కన జిరాక్స్ షాపు చూరు కింద, సగం తడిసి, ఆశ నిలబడి ఉంది.

"ఉండనన్నారుగా?"

"గదిలో ఉండనన్నాను. గేటు సంగతి చెప్పలేదు." గొడుగు తెరిచింది. "ఏమన్నారు?"

"మీరు పర్మనెంటండి. నన్ను ఛీ అన్నారు."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత గొడుగు కర్ర తిప్పుతూ అంది, "మొన్న మా ఇంట్లో ఒక మాట అన్నారు. పాస్టరయ్యగారికి చెప్పారు, మా నాన్నగారికి చెప్పారు, మా నాయనమ్మకైతే అరిచి మరీ చెప్పారు. నాకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు."

వాన పెరిగింది. ఈసారి అరవకుండానే చెప్పాను. మీరంటే నాకు చాలా ఇష్టమండి అన్నాను. అంతకంటే మంచి మాటలు ఎన్నో అనుకుని వచ్చాను, ఒక్కటీ గుర్తురాలేదు.

ఆమె గొడుగు కొంచెం నా వైపు జరిపింది. నేను మాత్రం దాని కిందికి వెళ్ళలేకపోయాను.

"రండి, తడుస్తున్నారు."

"మీ పక్కన నిలబడాలంటే ఇంకా సిగ్గుగా ఉందండి" అన్నాను.

"ఉండనీండి" అంది ఆశ, నా చొక్కా చెయ్యి పట్టి గొడుగు కిందికి లాగుతూ. "ఆ సిగ్గు పోయిన రోజున మాత్రం నా పక్కకి రాకండి."