బియ్యం డ్రమ్ములో హెల్మెట్

పొద్దున్నే పాల ప్యాకెట్ పట్టుకుని భూలక్ష్మి బాల్కనీలోంచి కిందికి చూసింది. కొడుకు కృష్ణ బండి తుడుస్తున్నాడు. ఎల్బీనగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌లో బండ్లకు కొదవ లేదు గానీ ఇలాంటిది ఇంకొకటి లేదు. ముందు గాలిని ఆపే పెద్ద అద్దం, వెనక సామాను పెట్టెలు, ఆనుకుని కూర్చోవడానికి సోఫాలాంటి సీటు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు నిలదొక్కుకున్నాక కృష్ణ తీర్చుకున్న ముచ్చట అది.

చిన్నప్పుడు తను వాడి మూతి తుడిచినంత మెల్లగా ఆ అద్దాన్ని తుడుస్తున్నాడు. భూలక్ష్మి గుండెలో చురుక్కుమంది.

బండి మీదికన్నా ఆమెకు ఆ రెండు హెల్మెట్ల మీదే ఎక్కువ కుళ్లు. వాటిలో మైకులున్నాయట. దారి పొడుగునా మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటూనే ఉంటారట. ఇంట్లో "తిన్నవా అమ్మా", "పోతున్న అమ్మా" అని సరిపెట్టే కొడుక్కి అక్కడ గంటలకొద్దీ మాటలెక్కడివి? తన మీద చాడీలేమో. వేరు కాపురం ముచ్చటేమో. ఆ మాటల్లో పడి ఏ లారీ కిందికో... భూలక్ష్మి ఆ ఊహను అక్కడే తుంచేసి యాదగిరి నర్సన్నకు దండం పెట్టుకుంది.

ఇవాళ బాపట్ల సముద్రం దాకా ప్రయాణం. కోడలు ఇందు తన హెల్మెట్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టి, జడ వేసుకోవడానికి గదిలోకి వెళ్లింది. హెల్మెట్ లేకపోతే ఇందు పోదు. ఇందు పోకపోతే కృష్ణ పోడు. భూలక్ష్మి దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లి, బియ్యం డ్రమ్ములో కుక్కి, పైన చేట బోర్లించింది.

"అత్తమ్మా, నా హెల్మెట్ చూసిన్రా? గీడనే పెట్టిన," అంటూ ఇందు వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"నాకేం ఎర్క? నీ సామాన్లకు నేను కావలున్ననా?"

"ఇంట్ల మీరు తప్ప ఎవరున్నరు?"

"అంటే నేను దొంగనా? అను, గది గూడ అను!"

అప్పుడే డ్రమ్ములోంచి సన్నగా, కింద హెల్మెట్ పెట్టుకున్న కృష్ణ గొంతు వినిపించింది. "ఇందూ... ఎంతసేపే? దిగుతలేవా?"

ఇద్దరూ డ్రమ్ము వంక చూశారు. ఇందు చేట తీసి, హెల్మెట్‌ను పైకి లాగి, బటన్ నొక్కి ఆపేసింది.

"గిదేంది అత్తమ్మా? నేనంటే గంత కండ్లమంటనా మీకు?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అవ్, మంటనే!" భూలక్ష్మి గొంతు లేచింది. "వాడు నా పక్కన కూసొని మాట్లాడి ఎన్ని దినాలైంది? నువ్వేమో వాని చెవిలనే కూసుంటవు. నాకు తెల్వని ముచ్చట్లు ఏమున్నయే గన్ని?"

ఇందు హెల్మెట్‌ను అత్త తలకు తొడిగి బటన్ మళ్లీ నొక్కింది. "మీరే ఇనున్రి."

లోపల చీకటి, ఉక్క. అంతలో ఒళ్లో పడుకుని చెప్పినంత దగ్గరగా కొడుకు గొంతు.

"ఒచ్చినవా ఇందూ? ఈసారన్న మా అమ్మ లెక్క 'మెల్లగ పో, గుంత ఉంది, లారీ ఒస్తుంది' అని చెవిల పోరు పెట్టకు. ఎప్పుడు పోయినా దారంత గదే పాట. ఒక అమ్మను ఇంట్ల ఇడిసిపెడితే ఇంకో అమ్మ ఎనుక ఎక్కుతది నాకు!"

భూలక్ష్మి కోడలి వైపు చూసింది. ఇందు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది. ఇన్నాళ్లూ తన భయాన్ని తనకు తెలియకుండానే ఈ పిల్ల మోస్తోంది.

"పెడుతది," అంది భూలక్ష్మి. "గట్టిగనే పెడుతది. నేనే పెట్టుమన్న."



"అమ్మా? నువ్వా?"

"నేనే బిడ్డా. మెల్లగ పో."

"సరేనమ్మా. నీ గొంతు మస్తు దగ్గర ఇనబడుతుందమ్మా."

భూలక్ష్మి హెల్మెట్ తీసి, ఇందు తలకు తనే తొడిగి, గడ్డం కింద పట్టీ బిగించింది. లోపల చిక్కుకున్న బియ్యపు గింజలు ఇందు జడ మీద, భుజాల మీద రాలాయి. ఇందు దులుపుకోబోయింది.

భూలక్ష్మి ఆ చేయి పట్టుకుని ఆపింది. "ఉండనియ్యి. అక్షింతలనుకో. పోంగ పోంగ వాని మీద గూడ పడనియ్యి."