వంతెన మీద బోర్లించిన డబ్బా

బర్మా దేశం రంగం పట్నంలో పెద్ద సెరువు పక్కన పార్కు రోడ్డుంది సూడండి, అందులో సెక్క వంతెన కాడ సీకటి పడ్డాక మనోడెవడూ ఆగీవోడు కాదు. పగలు అది మా సక్కని రోడ్డు. ఒక తోటలోంచి ఇంకో తోటలోకి, సెరువు గట్టంట, ఎర్రగా ఒంపులు తిరుక్కుంటా పోద్ది. దొరలు మోటార్ల మీద, దొరసానులు పిల్లల బళ్ళు తోయించుకుంటా షికార్లు కొట్టీవోరు. నీళ్ళలో బంగారు గోపురం నీడ. ఆల్లకి ఏ దెయ్యమూ కనపడనేదు. దెయ్యాలు కూడా కూలోళ్ళకే కనపడాల!

నేను కళ్ళారా సూసింది కాదు, మా బుల్లియ్య మావ నోటంట ఇన్నది. అబద్దమనిపిస్తే ఆయన్ని తిట్టండి, నన్ను కాదు. ఆయన పోయి సేన్నాళ్ళయింది, ఏటీ అనుకోడు.

మొదటి పెద్ద యుద్దం అయిపోయిన కొన్నేళ్ళకి సంగతి. మోటార్లు పెరిగాయి, దాంతో ఎర్ర దుమ్మూ పెరిగింది. ఎండాకాలం వొస్తే రాత్రిపూట ఆ రోడ్డు తడపాల. తెల్లారేసరికి దొరలు గుర్రాలెక్కి వొస్తారు, ఆల్ల తెల్లబట్టల మీద దుమ్ము పడకూడదు. నీళ్ళ పీపా ఎడ్లబండి దూరినకాడ బండి తడిపీది. వంతెనకి అటూ ఇటూ దారి సన్నం, కొమ్మలు కిందకి — అక్కడ మనిసే ఎద్దు. కావిడి బద్దకి రెండు కిరసనాయిలు డబ్బాలు కట్టుకుని, సెరువులో ముంచి, మోసుకొచ్చి పొయ్యాల.

ఆ పని ఇద్దరిది. బుల్లియ్య మావ, ఆయనకి బావమరిది వరసయ్యే జోగి. సెరో కొస నించి మొదలెట్టి వంతెన వైపు తడుపుకుంటా వొచ్చీవోరు. ఎవడి సగం ముందు అయిపోతే ఆడు వంతెన మొదట్లో రాతి దిమ్మ మీద ఒక డబ్బా బోర్లించి పోవాల. నా వంతు అయిపోనాదని గుర్తు. కేకలు గీకలు ఉండవు. అలిసినోడికి మాట కూడా బరువే కదా.

ఓ సాయంత్రం జోగి కావిడి బుజం మీదుండగానే వంతెన కాడ కూకున్నాడు. "కాసేపు ఊపిరి తీసుకుంటాను బావా" అన్నాడు. మరి లెగనేదు. జబ్బు నేదు, జరం నేదు. అలుపు. అలుపుకి మనిసి సచ్చిపోతాడంటే మీరు నమ్మరు, నేను నమ్ముతాను. ఆడి సొట్ట డబ్బాలు వంతెన కిందే ఒగ్గేసారు. ముట్టుకునీవోడు నేడు.

జోగిని తగలేసిన మర్నాడే మేస్త్రీ లోకనాథం మావని పిలిచాడు. "ఇంక రెండు సగాలూ నువ్వే తడుపు. పొద్దుటికి ఎక్కడైనా పొడిగా కనపడిందా, నీ పనీ పోద్ది, కూలీల లైన్లో నీ గదీ పోద్ది."

ఇంకో మనిసిని పెట్టడానికి ఆ మహానుబావుడికి సెయ్యి రానేదు. గది పోతే ఎలగ? ఒంటి మొగోళ్ళయితే వంతులేసుకుని తొంగునే కొట్లున్నాయి. ఒకడు లెగిస్తే ఆ సాప మీద ఇంకొకడు. పెళ్ళాం ఉన్నోడిని అందులోకి ఎవరు రానిస్తారు? మావ పెళ్ళాం తాయారత్త పగలంతా బియ్యం మిల్లులో తవుడు సెరిగి, రాత్రికి నడుం వాల్చుకునీది ఆ గదిలోనే.

ఆ రాత్రి మావ ఏవో నాలుగు కావిళ్ళు పోసాడు. కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఒక్క చణం అనుకుని గట్టు మీద ఇలా ఒరిగాడు... అంతే.

మెలకువ వొచ్చేసరికి తూర్పు తెల్లబడతన్నాది. "పోనాది... గది పోనాది..." అనుకుంటా రోడ్డు మీద పడి పరిగెట్టాడు. పరిగెడతంటే పాదాలకి సల్లగా తగిలింది.

తడి.

ఇవతల సగం తడి. వంతెన దాటాడు — అవతల సగమూ తడే. రాతి దిమ్మ మీద సొట్ట డబ్బా ఒకటి బోర్లించి ఉంది. జోగి డబ్బా.

ఆ మర్నాడూ అంతే. ఆ పైనా అంతే. తొంగోకూడదని మావ రోజూ ఒట్టేసుకునీవోడు. ఒళ్ళు ఇనీది కాదు. తెల్లారేసరికి మాత్రం రోడ్డు తడిసే ఉండీది. పార్కు కాపలా ఉండే బర్మా పెద్దాయన ఊ బా, ముసుగేసుకున్నదేదో కావిడితో పోవడం సూసి "తసే, తసే" అని వొణికిపోయాడు. ఆల్ల బాసలో దెయ్యాన్ని అలగంటారు. ఇంకేటి, వంతెనకి పేరొచ్చేసింది. మనోళ్ళు సుట్టు తిరిగి పోవడం మొదలెట్టారు.

మేస్త్రీ ఒక్కడే మురిసిపోయాడు. "సూసారా, ఒక్కడే సెయ్యగలిగిన పనికి ఇన్నాళ్ళూ ఇద్దరు!" అన్నాడు. దెయ్యం సాకిరీ కూడా ఆడి గొప్పలోకే పోనాది.

మావకి కూడు సయించడం మానీసింది. సచ్చినోడి సేత పని సేయించుకుంటే ఊరికే పోద్దా? ఏదో రాత్రి నన్నూ తోడు తీసుకుపోతాడని బయం. బయాన్ని మించిన సిగ్గు. బతికున్నన్నాళ్ళూ మోసాడు, సచ్చీ నాకోసం మోస్తన్నాడే అని. తాయారత్తకి ముక్క సెప్పనేదు.

ఒక రాత్రి తేల్చేసుకుందారని, కళ్ళ మీద సెరువు నీళ్ళు కొట్టుకుని, కావిడి పక్కన పెట్టుకుని దొంగనిద్ర పోయాడు.

సీకటి... కీచురాళ్ళు... సేన్సేపు ఏటీ నేదు.

అప్పుడు — పక్కనున్న కావిడిని ఎవరో మెల్లగా ఎత్తారు.

కిర్రు... కిర్రు... బద్ద సప్పుడు సెరువు వైపు పోనాది. మావ రెప్ప సందులోంచి సూసాడు. నెత్తి మీంచి ముసుగు. వొంగింది... ముంచింది... లెగిసింది. రోడ్డు మీద నీళ్ళ దార.

మావ లెగిసి, రెండు సేతులూ జోడించాడు.

"జోగీ... సాలురా... ఇంక మొయ్యకురా..."

ముసుగు ఆగింది. కావిడి దించింది. మెల్లగా... ఇటు తిరిగింది.

"జోగేటి? నేను, మావా!"

తాయారత్త!

"ఓలే... నువ్వేటే? ఇదేటి పనే?"

"నీకు కూడట్టుకొచ్చిన రాత్రి సూసాను. కాళ్ళు వాచిపోయి, నోరు తెరుసుకుని తొంగున్నావు. లేపబుద్ది కానేదు. లేపితే నన్ను పొయ్యనిస్తావేటి? ఆడదాయి మోస్తందని మేస్త్రీకి తెలిస్తే మళ్ళీ అదో గొడవ, అందుకే ముసుగు. దెయ్యం దెయ్యం అని లైనంతా అంటంటే లోపల్లోపల నవ్వుకున్నాను."

మావ ఆవిడ బుజం తడిమాడు. బొబ్బలెక్కి పగిలిపోయి ఉంది. ఆయనకి నవ్వొచ్చింది, ఎనకే ఏడుపొచ్చింది.

"నా దెయ్యానివి నువ్వంటే! మిల్లులో సచ్చేలా సాకిరీ సేసొచ్చి, రెండు సగాలూ ఒక్కదానివీ ఎలగ మోసావే తల్లీ?"

తాయారత్త తెల్లబోయింది.

"రెండేటి? నేను పోసింది వంతెన దాకే. అవతల సగం నువ్వు ముందే కానిచ్చేసి, ఇటొచ్చి తొంగున్నావనుకున్నాను. రోజూ నేనొచ్చేసరికి దిమ్మ మీద డబ్బా బోర్లించే ఉంటాది కదా!"

మావ వంతెన వైపు సూసాడు. గుసగుసగా అడిగాడు.

"ఇయాల...?"

"ఇయాలా ఉంటాది. రా, సూడు."

ఒకరి సెయ్యి ఒకరు పట్టుకుని వంతెన దాకా నడిసారు. దిమ్మ మీద సొట్ట డబ్బా, బోర్లించి ఉంది. అంచు నించి నీళ్ళు ఇంకా సుక్క సుక్క కారతన్నాయి. అవతల రోడ్డు తడిసి నల్లగా...

ఇంకోడైతే పారిపోయీవోడు. "పరిగెట్టీ ఓపిక నాకేదీ?" అనీవోడు మావ. ఆయన ఎనక్కెల్లి, కావిడి నించి తన డబ్బా ఇప్పుకొచ్చి, జోగి డబ్బా పక్కన బోర్లించాడు.

"అయిపోనాదిరా జోగీ... నీ సగమూ అయిపోనాది, నా సగమూ అయిపోనాది. నీకింక పని నేదు. పోయి తొంగో నాయినా..."

మర్నాటి రాత్రి తాయారత్తని గది దాటనివ్వనేదు. ఇవతల సగం మావే పడతా లెగుస్తా ఎలాగో తడిపాడు. అవతలికి పోయీ ఓపిక నేక వంతెన మీద కూకుండిపోయాడు. తెల్లారింది. దొరల గుర్రాలు ఇవతల సల్లగా నడిసొచ్చి వంతెన దాటాయో నేదో, ఎర్ర దుమ్ము సెట్లంత ఎత్తు లెగిసింది.

ఆ పూటే పని పోనాది. గదీ పోనాది. మూట నెత్తినెట్టుకుని ఇద్దరూ అహ్లోన్ పేటలో బియ్యం మిల్లుల వైపు నడక మొదలెట్టారు. తాయారత్త కళ్ళు తుడుసుకుంటా ఉంటే మావ ఆగి, ఎనక్కి తిరిగి, సెట్ల మీద ఇంకా తేలతన్న ఆ దుమ్ము వైపు సూసాడంట.

"ఏడవకే. ఆడు తొంగున్నాడు."